మిల్లు గచ్చు మీద జావా నాట్యం

మండపేటలో బస్సు దిగి రామచంద్రపురం రోడ్డు మీద కాస్త నడిస్తే ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి వస్తుంది. రాకముందే వాసన వస్తుంది. ధాన్యం ఉడికే వాసన కొత్తవాళ్ళకి పడదు, ఇక్కడివాళ్ళకి తెలియనే తెలియదు. ఉప్పుడు బియ్యం సంగతి తమాషాగా ఉంటుంది. ఉడకబెట్టేది, ఎండబెట్టేది, ఆడించేది అంతా ఇక్కడే. తినేది మాత్రం ఎక్కడో కేరళలో. నేను ఓడల కంపెనీలో గుమాస్తాగా తిరిగిన రోజుల్లో ఏ రేవులో అన్నం తిన్నా ఈ బియ్యం మా గోదావరి దాటి వచ్చిందేమోనని గింజలు వేళ్ళతో నలిపి చూసేవాణ్ణి. సరే, బియ్యం గొడవ మళ్ళీ ఎప్పుడైనా.

ఆ మిల్లు ఆఫీసు పైన రెండు గదుల వాటా ఉంది. మెట్ల పక్కన నీలం రేకు మీద తెల్లటి అక్షరాలతో ‘శాంతి కూచిపూడి నృత్యనిలయం’ అని రాసి ఉంటుంది. ఆ మెట్లెక్కితే కనిపించే మనిషి పేరు రెత్నో వులన్దరి. జావా ద్వీపంలో సోలో పట్టణం దగ్గర పల్లె ఆవిడది. వయసు యాభై మూడు. ఈ జిల్లాకి వచ్చి ఇరవై ఏడేళ్ళు. ఊళ్ళో పిల్లలకి, వాళ్ళ తల్లులకి, పాలవాడికి, అందరికీ రత్నం టీచరు.

నాకు ఆవిడ పరిచయం అయింది రాజమండ్రి నుంచి వచ్చే బస్సులో. తొమ్మిదేళ్ళ కిందటి మాట. ముందు సీట్లో ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఆ సంచీ మీద వేళ్ళు కదుపుతోంది. జపం అనుకున్నాను. కాదు. బొటనవేలు అరచేతి మీద వాలుతుంది, తక్కిన నాలుగు వేళ్ళూ నిటారుగా లేస్తాయి, మణికట్టు నీళ్ళలో నాచులా తిరుగుతుంది. ఆ తిరుగుడు నేను ఒకే ఒక్క చోట చూశాను. ముప్ఫై ఏళ్ళ కిందట సురబాయ రేవులో దిగి, కడుపు పాడై, సోలోలో ఒక సత్రంలో పదకొండు రోజులు పడి ఉన్నాను. ఆ సత్రం వెనక పెరట్లో ఆడపిల్లలకి ఒక ముసలావిడ నాట్యం నేర్పేది. లేవలేక కిటికీలోంచి చూసేవాణ్ణి. జావా భాషలో నాకు తెలిసిన మూడు మాటలూ ఆ పదకొండు రోజుల్లో వచ్చినవే. సెగొ అంటే అన్నం. మతుర్ నువున్ అంటే ధన్యవాదాలు. అలోన్ అలోన్ అంటే నెమ్మదిగా, నెమ్మదిగా.

బస్సు ఆగినప్పుడు ఆవిడ పక్కకి జరిగి నాకు దారి ఇచ్చింది. “మతుర్ నువున్,” అన్నాను.

ఆవిడ దిగాల్సిన స్టాపులో దిగలేదు. నేనూ దిగలేదు.

“ఇంకా చెప్పండి,” అంది తెలుగులో.

తక్కిన రెండు మాటలూ చెప్పాను. “అంతేనండి. సరుకు అయిపోయింది.”

“చాలండి,” అంది. “మా ఆయన పోయాక ఈ మాటలు ఎవరూ అనలేదు. రెండేళ్ళయింది.”

“ఫోన్లో మీవాళ్ళు మాట్లాడరా?”

“తమ్ముడు ఉన్నాడండి జకార్తాలో. వాడు జకార్తా భాష మాట్లాడతాడు. వాడి పిల్లలకి మా ఊరి భాష రాదు. అమ్మ కూడా పోయింది, ఇంక ఎవరితో?”

కండక్టరు వచ్చి, “మామ్మ గారూ, తాత గారూ, టికెట్ మండపేట దాకేనండి. ఇది రామచంద్రపురం,” అన్నాడు. అప్పటికి ఆవిడకి నలభై నాలుగు. మామ్మ గారు అన్నందుకు వాణ్ణి అదోలా చూసింది. ఆవిడ ముఖంలో ఏదైనా కనిపించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ముఖం గురించి చెప్పాలి. రెత్నో తల్లి సోలో కోటలో తొమ్మిదిమంది స్త్రీలు వరసగా ఆడే నాట్యంలో ఒకతె. ఇంటి దగ్గర కూతురికి విడిగా ఒంటరి ఆట ఒకటి నేర్పింది. ఆ విద్యలో చూపు నేల మీద, రెండు బారల దూరంలో ఉండాలి. నవ్వకూడదు, ఏడవకూడదు. నిండుకుండ మోస్తున్నట్టు ముఖం మోయాలి. పాదం ఎత్తకూడదు, నేలమీదే జరపాలి. నడుముకు ‘సంపూర్’ అనే పొడుగాటి గుడ్డ కట్టుకుని, దాని కొసని వేళ్ళ మధ్యకి తీసుకుని వదిలేస్తారు. అదే అందులో పెద్ద సాహసం. ఇరవై ఏళ్ళు అలా పెరిగిన పిల్ల స్కాలర్‌షిప్ మీద రాజమండ్రి వచ్చి, కూచిపూడి నేర్పే వేంకటేశ్వర్లు మాస్టారి ముందు నిలబడింది.

“ముఖానికి తాళం వేసుకొచ్చావేంటమ్మా?” అన్నారట మాస్టారు.

కనుబొమ్మ ఎత్తడానికి ఆర్నెల్లు పట్టింది. కోపంగా చూడటానికి ఇంకో ఆర్నెల్లు. పాదం నేలకేసి కొట్టడం అన్నిటికన్నా కష్టం, నేలని తన్నుతున్నట్టు ఉండేది అంది. ఏడాది తిరిగాక మాస్టారు కూర్చోబెట్టి చెప్పారు. “అది కొన్నాళ్ళు పక్కన పెట్టమ్మా. అది పోతేగాని ఇది రాదు.”

గురువు మాట. పక్కన పెట్టింది. కూచిపూడి వచ్చింది. రవీంద్రభారతిలో ఆడింది, సింగపూర్‌లో తెలుగువాళ్ళ ఉగాదికి ఆడింది, సత్యభామ వేషం కట్టి జడ విసిరింది. ఆ కొన్నాళ్ళు ఇక అయిపోయాయమ్మా అని చెప్పకుండానే మాస్టారు పోయారు. మాస్టారి దగ్గర మృదంగం వాయించే శాంతికుమార్‌ని పెళ్ళి చేసుకుంది కాబట్టి ఇక్కడే ఉండిపోయింది. అమ్మ నేర్పిన ఆట బస్సులో సంచీ మీద వేళ్ళ వరకే మిగిలింది.

పెళ్ళయిన కొత్తలో ఇల్లు వెతకడానికి శాంతికుమార్ ఆవిణ్ణి మండపేట తీసుకొచ్చాడు. అప్పట్లో మిల్లు ముందున్న సిమెంటు గచ్చు మీద ఉడికిన ధాన్యం ఎండబోసేవారు. పన్నెండుమంది ఆడవాళ్ళు వరసగా ఆ ధాన్యంలో నడుస్తున్నారు. పాదం ఎత్తకుండా, గింజల్లోనే జరుపుకుంటూ, చాళ్ళు తీస్తూ. ఎండకి తలమీద కొంగు, చూపు నేల మీద. ఒక కొస నుంచి ఆ కొసకి, మళ్ళీ వెనక్కి. రెత్నో నిలబడిపోయింది.

“ఇక్కడే ఉందామండీ,” అంది.

“ఈ కంపులోనా? అద్దె తక్కువనా?” అన్నాడు ఆయన.

ఆ వరసలో చివరి మనిషి పెద్దింట్లమ్మ. తర్వాత డ్రయ్యర్లు వచ్చాయి, ఆడవాళ్ళు ఇళ్ళకి పోయారు, గచ్చు మీద లారీలు ఆగుతున్నాయి. పెద్దింట్లమ్మ మాత్రం మెట్లెక్కి పైకి వచ్చి టీచరు గారింట్లో వంటకి కుదిరింది. శాంతికుమార్ గుండెపోటుతో పోయాక ఆ ఇంట్లో మాటలంటూ ఉంటే ఆ ఇద్దరివే. రెత్నో ముస్లిం. రంజాన్ ఉపవాసాలు ఉంటుంది, ఎవరికీ చెప్పదు. పిల్లల తల్లులు ఏ మధ్యాహ్నమో పులిహోర గిన్నె తెచ్చి, “ఒక్క ముద్ద తినండి, మా ఎదురుగా తినాలి,” అంటే పెద్దింట్లమ్మ అడ్డం వచ్చి గిన్నె లాక్కునేది. “టీచరు గారికి కడుపులో బాగాలేదండి. నేను తింటాలెండి, నా ఎదురుగా మీరు కూర్చోండి.”

ఒకప్పుడు నలభైమంది పిల్లలు ఉండేవారు. కోచింగ్ క్లాసులు వచ్చాక పదకొండుమంది అయ్యారు. ఆ పదకొండుమంది తల్లులకీ కావలసింది ఒకటే. “మా పాపకి పళ్ళెం ఎప్పుడండీ?” ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడటం, దాని ఫొటో. ఇరవై ఏళ్ళు ఆ పళ్ళెం నేర్పి నేర్పి, సిమెంటు నేల మీద పాదం కొట్టి కొట్టి, ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి.

కిందటి మాఘమాసంలో కబురు చేస్తే వెళ్ళాను. ఎక్స్‌రే చూపించింది. నాకేం తెలుస్తుంది? బొగ్గు పొగలో రెండు వెదురు బొంగులు.

“ఆపరేషన్ పదహారో తారీకండి, రాజమండ్రిలో. ముందురోజు పొద్దున్నే చేరాలి. తర్వాత నడుస్తానట, మెట్లెక్కుతానట. కింద మాత్రం కూర్చోకూడదట. ఇంక ఎప్పుడూ కుర్చీయే.”

“మంచిదే కదండీ. నేను కింద కూర్చుని పదేళ్ళయింది.”

“అమ్మ ఆట కింద కూర్చుని మొదలవుతుంది. కింద కూర్చుని అయిపోతుంది,” అంది. “కుర్చీలో కూర్చుని మొదలుపెట్టేది కాదండి అది.”

కింద లారీ వెనక్కి వస్తూ మోగుతోంది.

“ఒక్కసారండి. మొత్తం. ఎవరైనా చూస్తుండగా. అమ్మ పోయినప్పుడు వెళ్ళలేదు నేను. మా ఊళ్ళో ఆ ఆట తెలిసినవాళ్ళు ఇప్పుడు లేరు. ఇక్కడ ఒక్కరూ చూడలేదు. చూడకుండా ఉండిపోతే, అసలు ఉన్నట్టేనా అది?”

కళామిత్ర మండలి వార్షికోత్సవం పదకొండో తారీకున పడింది. మండలి కార్యదర్శి గంగాధర్ ఎరువుల వ్యాపారి. మంచివాడు, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు.

“తప్పకుండానండి టీచరు గారూ! పదిహేను నిమిషాలు తీసుకోండి. కాకపోతే కొంచెం స్పీడుగా లాగించెయ్యండి.”

“స్పీడు ఉండదండి అందులో.”

“పోనీ చివర్లో పళ్ళెం ఒకటి పెట్టెయ్యండి. జనం కదలరు.”

నాకు ఆవిడ ఒక పని అప్పజెప్పింది. “మీరు మా ఊరు చూశారు కదా. ముందు రెండు నిమిషాలు మాట్లాడండి. ఒక్క సంగతి చెప్తే చాలు. నేను మొదట చాలాసేపు చేతులు జోడించుకుని కూర్చుంటాను. అది అయిపోవడం కాదు, మొదలు. చివర కూడా అచ్చం అలాగే కూర్చుంటాను. మొదట్లో చప్పట్లు కొట్టొద్దనండి, స్టేజీ మీదకి రావద్దనండి.”

మన సభల తీరు ఆవిడకి బాగా తెలుసు. మన దగ్గర కళాకారుడు చేతులు జోడించి కదలకుండా ఉన్నాడంటే అయిపోయిందనీ, సన్మానానికి సిద్ధంగా ఉన్నాడనీ అర్థం. ఆ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

కల్యాణమండపం నిండా జనం. మైకు చేతికి వచ్చింది. రెండు నిమిషాలు అన్నారు గదా, ఊరికే ఒక మాటతో మొదలుపెడదామని జావా వరి గురించి ఎత్తాను. అక్కడా మనలాగే ఊడుపులు, మనలాగే నీటితగాదాలు. వరి నుంచి ఓడలకి వెళ్ళాను. మన తీరం నుంచి ఏ గాలికి తెరచాప ఎత్తితే ఎన్నాళ్ళకి అక్కడ తేలతారో చెప్పాను. లవంగాలు చెప్పాను. అక్కడివాళ్ళ తోలుబొమ్మలు, మన తోలుబొమ్మలు చెప్పాను. జనం ఊకొడుతున్నారు. ముందు వరసలో ఎవరో “బాగా చెప్తున్నారండీ పెద్దాయన,” అన్నారు. ఆ మాట విన్నాక సత్రంలో కడుపునొప్పి కథ కూడా చెప్పాను. నవ్వారు. గంగాధర్ మెట్ల దగ్గర నుంచి చెయ్యి ఊపుతున్నాడు. పదకొండు నిమిషాలయింది. చప్పట్లు పడ్డాయి, దిగి వచ్చాను, కూర్చున్నాను, రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను.

కాగితం తగిలింది.

లేచాను. అప్పటికే తెర లేచింది.

గోధుమరంగు బాతిక్ అద్దకం గుడ్డలో, నడుముకి ఆకుపచ్చ సంపూర్ కట్టుకుని, నేల మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది. చేతులు జోడించి, బొటనవేళ్ళు ముక్కుకొసకి ఆనించి. కళ్ళు వాల్చి. స్పీకర్‌లోంచి ఒక పెద్ద గంట మోగింది. ఆ మోత తగ్గి తగ్గి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఎప్పటికో ఇంకో గంట.

“పాటేదీ?” అన్నారెవరో.

“హ్యాంగైనట్టుందిరా.”

“పూజ చేసుకుంటున్నారే, మాట్లాడకు.”

నేను వరసలోంచి బయటపడటానికి మోకాళ్ళు దాటుకుంటూ వెళుతున్నాను. ముందు వరసలో ముఖ్య అతిథి గారు వాచీ చూసుకున్నారు. ఆయన రామచంద్రపురంలో పెళ్ళికి అందుకోవాలి. గంగాధర్ ఆయన వంక చూశాడు, స్టేజీ వంక చూశాడు. చేతులు జోడించి, తలవంచి, వినయంగా కూర్చున్న మనిషి. మైకు తీసుకున్నాడు.

“అద్భుతమైన జావా నృత్యాన్ని ప్రదర్శించిన మన రత్నం టీచరు గారికి, సమయాభావం వల్ల, ముఖ్య అతిథి గారి చేతుల మీదుగా...”

హాలు చప్పట్లతో నిండిపోయింది. నేను అరిచాను. ఏం అరిచానో నాకే వినబడలేదు.

ఇద్దరు మనుషులు ఎర్ర గుడ్డ కప్పిన కుర్చీ మోసుకొచ్చారు. “అయ్యో, కింద ఎందుకండీ టీచరు గారూ, పైన కూర్చోండి,” అని చెరో చెయ్యీ పట్టుకుని లేపి కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. నటరాజు బొమ్మ, పళ్ళబుట్ట ఇచ్చారు. వెనక స్పీకర్‌లో గంట ఇంకోసారి మోగింది, ఎవరో ఆపేశారు. రెత్నో కుర్చీలో కూర్చుని అందరికీ నమస్కారం పెట్టింది. ముఖంలో ఏమీ లేదు. మాస్టారు ఉంటే మళ్ళీ తాళం వేశావేంటమ్మా అని అడిగేవారు.

తర్వాత పిల్లల పళ్ళెం నాట్యం. ఆవిడ పక్కన కూర్చుని తాళాలు వాయించింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

అంతా అయ్యాక లోపలికి వెళ్ళాను. సంపూర్ విప్పి మడత పెడుతోంది. నన్ను చూసి, “రెండు నిమిషాలు అన్నాను కదండి,” అంది. అంతే. గొంతులో కోపం కూడా లేదు. ఉంటే కాస్త ఊపిరాడేది.

గంగాధర్ మర్నాడు ఫోన్ చేశాడు. సంగతి తెలిసి బాధపడ్డాడు పాపం. “వచ్చే ఏడు మొదటి అయిటం టీచరు గారిదేనండి, ఎవరినీ ఎక్కనివ్వను,” అన్నాడు. వచ్చే ఏడు కుర్చీయేనయ్యా అని చెప్పాను. నేను మూడు రోజులు ఇంట్లోనే ఉన్నాను. ఎన్నో దేశాలు తిరిగాను, ఎంతో చదివాను అనుకునేవాణ్ణి. ఆవిడ అడిగింది నాలుగు ముక్కలు.

పదిహేనో తారీకు పొద్దున్న మొదటి బస్సుకి మండపేట వెళ్ళాను. తొమ్మిదింటికి ఆవిడ ఆసుపత్రికి బయల్దేరుతుంది, సంచీ అయినా మోయవచ్చు గదా అని. క్షమించమని అడగడానికి మాటలు ఏవీ తయారు చేసుకోలేదు. నా మాటల మీద నాకే నమ్మకం పోయింది.

మిల్లు గేటు తీసే ఉంది. ఊక పొట్టు ఎగిరే మిషను మొదలైంది, దాని హోరులో ఇంకేమీ వినబడదు. మంచు ఇంకా విడలేదు. గచ్చు మీద లారీలు లేవు. తుడిచి, నీళ్ళు చల్లి ఉంది. దాని నడుమ, అంత పెద్ద గచ్చు మీద చిన్నగా, గోధుమరంగు గుడ్డలో రెత్నో కూర్చుని ఉంది. చేతులు జోడించి, బొటనవేళ్ళు ముక్కుకొసకి ఆనించి. పిట్టగోడ మీద ఫోన్ పెట్టి ఉంది. అందులో గంట మోగుతోందో, ఆగిపోయిందో మిషను హోరులో నాకు తెలియలేదు.

ఇది మొదలా, చివరా?

గేటు దగ్గరే ఆగిపోయాను. చప్పట్లు కొట్టలేదు, ముందుకి అడుగు వేయలేదు, దగ్గలేదు. గోడవారన పెద్దింట్లమ్మ గొంతుకూర్చుని చూస్తోంది. చలికి శాలువా కప్పుకుంది. సన్మానం శాలువా.

రెత్నో చేతులు దించి ఒళ్ళో పెట్టుకుంది. ఇక లేస్తుంది, ఒక మోకాలు ముందుకి తెచ్చి నెమ్మదిగా లేస్తుంది, మొదలవుతుంది అని ఊపిరి బిగపట్టాను. లేవలేదు. ఒక చెయ్యి నేల మీద ఆనించింది. అప్పుడు పెద్దింట్లమ్మ లేచి వెళ్ళి, ఆవిడ చంకల కింద చేతులు వేసి పట్టుకుంది.

“అలోన్ అలోన్, అమ్మగారూ. అలోన్ అలోన్,” అంది. దగ్గరికి వెళుతున్నాను కాబట్టి వినబడింది.

నా మూడు మాటల్లో ఒకటి. ఆ ముసల్ది దాన్ని ఎన్నేళ్ళుగా వాడుతోందో.

రెత్నో నిలబడి, నొప్పికి కళ్ళు మూసుకుని, తెరిచి, నన్ను చూసింది.

“వచ్చారా,” అంది. “అయిపోయిందండి.”

“మొత్తమా?”

“మొత్తం.”

సంపూర్ కొస నేల మీద పడి తడిసింది. వంగి తీసి ఇచ్చాను. ఆవిడ గోడ పట్టుకుని మెట్ల వైపు నడిచింది. పాదాలు ఎత్తలేకపోతోంది, జరుపుకుంటూ వెళ్ళింది. పెద్దింట్లమ్మ ఫోన్ తీసుకుని వెనకాలే వస్తుంటే అడిగాను. “ఎలా ఉందే పెద్దింట్లమ్మా, ఆట?”

అది ఫోన్‌ని కొంగుతో తుడిచింది.

“ఏముందండీ, మేం ధాన్యం తిప్పినట్టే తిప్పేరు. ఆ కొసదాకా వెళ్ళేరు, ఈ కొసదాకా వచ్చేరు. ఎక్కడా అడుగు లేపలేదు.” శాలువా సర్దుకుంది. “కాకపోతే మేం పన్నెండుమందిమండి. ఆవిడ ఒక్కరే.”

తొమ్మిదింటికి ఆటో వచ్చింది. సంచీ నేనే మోశాను. రాజమండ్రి దాకా నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. వేళ్ళు కదలడం లేదు.